దొర ముందు, బండి వెనుక

జూలై 4, 2004

పొన్నుసామి వచ్చాడు. నా భార్య పంచవర్ణం పోయినప్పటినుంచి అప్పుడప్పుడు వచ్చి పోతుంటాడు, వాళ్ళక్క మొగుడు తింటున్నాడో లేదో చూడడానికి. ఈసారి తిండి సంగతి అడగలేదు. కొట్టంలోకి వెళ్ళి మా కోడె దొరను చూసి వచ్చి, వసారాలో నిలబడే అడిగాడు.

"బావా, అక్క తిథి ఐప్పసిలో వస్తాది. అంతలోపల దొరని మందలో విడవాల. గుర్తుండాదా?"

గుర్తుంది. ఐప్పసి అంటే అక్టోబరు నడిమిన మొదలయ్యే తమిళ నెల. మా ఇళ్ళలో ఆవు తొలిచూలు కోడెను కంటే అది సామిది. ముక్కు పొడవకూడదు, మెడకు తాడు పడకూడదు, కాడి కట్టకూడదు. పాలు మరిచాక తిరుచ్చులి అవతల ఉన్న సామి మందలో వదిలేయాలి. మొక్కుకున్నది పంచవర్ణం. పాలు మరిచిన ఏడు "ఇంకా పిల్లోడే" అంది. మరుసటి ఏడు "ఎండలు" అంది. ఆ పై ఏడు ఏం చెప్పిందో నేను వినలేదు. దొరకు ఇప్పుడు ఐదేళ్ళు. మూపురం నా భుజం ఎత్తు వస్తుంది.

ఆసుపత్రిలో చివరి వారం నాతో అంది, దొరను నువ్వే నీ బండిలో తీసుకెళ్ళి వదిలెయ్యమని.

మొక్కుకున్న మనిషి పోయిన ఏడాదిలోగా దాన్ని తీర్చకపోతే, ఆ మొక్కు పోయినవాళ్ళనే పట్టుకుని ఉంటుందని మంద పెద్దాయన అంటాడట. ఆమె ఈ గడప దాటి పోలేదట. నేను కెమిస్ట్రీ బి.ఎస్సీ. నమ్మను. అయినా తీసుకెళ్తాను. ఆమె చెప్పింది కాబట్టి.

జూలై 6

పికప్ వెనుక తలుపు దించి, పలకలు వేసి, దొరను ఎక్కించి చూశాను. ముందు కాళ్ళు రెండూ పెట్టాడు. కమాను పట్టీలు కిర్రుమన్నాయి. బండి ముక్కు ఆకాశం వైపు లేచింది. దొర కాళ్ళు తీసేసుకున్నాడు. తప్పు ఆయనది కాదు.

ట్రైలర్ కావాలి.

జూలై 11

విరుదునగర్ పాత ఇనుము సంతలో రెండు చక్రాల ట్రైలర్ దొరికింది. ఇదివరకు పెళ్ళిళ్ళకు జనరేటర్ మోసేదట. పక్కల మీద ఇంకా "శుభాకాంక్షలు" అని తమిళంలో ఉంది. పికప్ ఖాళీ ట్రైలర్‌ను బాగానే లాగింది. కోవిల్‌పట్టి చేరేసరికి పొగ మాత్రం నల్లగా వచ్చింది.

జూలై 12

మెకానిక్ గోపాలసామి షెడ్డు. బానెట్ ఎత్తి, నూనె వేలికి అద్దుకుని వాసన చూశాడు.

"అన్నా, ఇది ఇంజనా, దగ్గుతా ఉండే తాతనా?"

"పదహారేళ్ళ బండి."

"తాత యేమి లాగాల?"

"ఎద్దును."

"మామూలుగా ఎద్దు కదా వండిని లాగేది?" అని నవ్వి, నా ముఖం చూసి ఆపేశాడు. బండిని వండి అంటాడు, మా వైపు అందరిలాగే. "సరి. బరువెంత?"

తెలియదన్నాను. బరువు తెలియకుండా ఇంజన్‌కు మందు రాయనన్నాడు. పంచవర్ణాన్ని చూసిన డాక్టరు కంటే నయం.

జూలై 14

మా ఊరి దగ్గర, ఎట్టయాపురం రోడ్డులో పత్తి మిల్లు వేబ్రిడ్జి ఉంది. తవుడు బకెట్టు పట్టుకుని పక్కన నడిస్తే దొర వస్తాడు. వచ్చాడు.

తూకం గుమాస్తా జోతిలక్ష్మి కిటికీలోంచి అడిగింది.

"సరుకేమి సార్?"

"ఎద్దు."

"కంప్యూటర్లో ఎద్దు లేదు. పత్తి, విత్తు, పిండి, ఇనుము. ఇంతే. ఏది కొట్టేది?"

"సామి ఎద్దమ్మా."

ఆ పిల్ల చెప్పులు విడిచి బయటికొచ్చి దండం పెట్టుకుంది. వెనుక ఆగిన పత్తి లారీల డ్రైవర్లూ దిగి దండం పెట్టారు. ఎవరూ హారన్ కొట్టలేదు. దొర పలక మీద ఒంటరిగా నిలబడలేదు. నేనూ ఎక్కాను. ఇద్దరినీ కలిపి తూచి, తరువాత నన్ను విడిగా తూచి తీసేశారు. దొర ఐదువందల డెబ్బై. నేను యాభై తొమ్మిది. కాలేజీలో కూడా అంత తక్కువ లేను. యంత్రంలో తేడా ఉండవచ్చు.

చీటీలో సరుకు: ఇనుము.

వచ్చేటప్పుడు ఆ పిల్ల అంది, "ఇంత బాగా నడుస్తా ఉండాదే సార్, దీనికి వండి యేమిటికి?"

ఆమెకు యాంత్రిక విషయాలు తెలియవు.

జూలై 20

ట్రైలర్‌లో దొరకు బదులు దొర బరువుకు కడప రాళ్ళు పేర్చి లాగి చూశాం. నేల మీద సరే. రైలు ఓవర్ బ్రిడ్జి సగం ఎక్కి ఆగిపోయింది. తరువాత వెనక్కి రావడం మొదలుపెట్టింది. టీ కొట్టు మనిషి పరిగెత్తి వచ్చి చక్రం కింద బెంచీ పెట్టాడు. బెంచీ పోయింది, మేము మిగిలాం.

"గాలి సాలలేదన్నా," అన్నాడు గోపాలసామి. "డీజిల్ తాగుతుండాది, ఊపిరి లేదు. టర్బో ఎక్కించాల."

సరైన మాట. చాలినంత గాలి లేకపోతే ఎంత ఇంధనం పోసినా పొగే. ఇది నేను పరీక్షలో రాశాను.

ఆగస్టు 2

టర్బో బిగించారు. విరుదునగర్‌లో విడగొట్టిన ఏదో వ్యాన్‌ది. నాజిళ్ళు మార్చారు. పంపు సరిచేశారు. యాక్సిలరేటర్ తొక్కితే ఈల వేస్తుంది. దొరకు ఆ ఈల నచ్చలేదు. సాయంత్రం దాకా బండి వైపు చూడలేదు.

మా అక్క సీనియమ్మాళ్ కారియాపట్టి నుంచి వచ్చింది. పొయ్యి మీద గిన్నె మూత తీసి చూసి ఆశ్చర్యపోయింది.

"ఒంటి మనిషివి, ఇంతన్నము యేమిటికిరా?"

దొరకు కుడితి కావాలి. బియ్యం కడిగిన నీళ్ళూ గంజీ లేనిదే తాగడు. అందుకని రెండు పూటలా వండుతున్నాను. వండాక పారేయలేం కదా, తింటున్నాను. అక్కకు అంత వివరంగా చెప్పలేదు.

ఆగస్టు 9

ఇంజన్ ఇప్పుడు లాగుతోంది. క్లచ్ జారుతోంది. కొత్త బలాన్ని పాత క్లచ్ ప్లేటు పట్టలేదట.

ఆగస్టు 16

క్లచ్ పట్టింది. వెనుక ఇరుసు మూలుగుతోంది.

ఆగస్టు 21

ఇరుసులో పళ్ళ చక్రాలు మార్చారు. వేగం తగ్గుతుంది, లాగుడు పెరుగుతుంది. ఓవర్ బ్రిడ్జిని రాళ్ళతో రెండో గేర్‌లో ఎక్కేసింది. టీ కొట్టు మనిషి ఈసారి బెంచీ లోపల పెట్టుకుని చూశాడు.

గోపాలసామి సంతోషంగా కేక వేశాడు. నేను దిగేటప్పుడు బ్రేకులు తొక్కి చూశాను. అనుకున్నట్టే చాలవు. ఎక్కడం తెలిసిన బండికి ఆగడం తెలియాలి. చెప్పాను.

"అది సరే అన్నా," అన్నాడు, కొంచెం నెమ్మదిగా.

ఆగస్టు 30

బ్రేకులు మార్చారు. ఆగుతోంది.

సెప్టెంబరు 1

ఏమీ లేదు.

సెప్టెంబరు 2

రేడియేటర్ చిన్నదేమో అనిపిస్తోంది.

సెప్టెంబరు 5

పొన్నుసామి వచ్చాడు. బండి చుట్టూ తిరిగి చూశాడు. కొత్త పట్టీలు, కొత్త కొక్కెం, పెద్ద రేడియేటర్, దాని ముందు పెట్టిన ఫ్యాన్. రేడియేటర్ కోసం బానెట్ కొంచెం కోయవలసి వచ్చింది.

"బావా, ఇది దొరని మోసేదానికా, విరుదునగరాన్నే ఈడ్చుకోని వచ్చేదానికా?"

"కొండ ఎక్కాలన్నా ఎక్కాలి."

"తిరుచ్చులికి యాడుండాది బావా కొండ?"

తరువాత కూర్చున్నాడు.

"అక్క మూడేండ్లు ఒక్కోటి సెప్పి ఆపుకొనింది. నువ్వు వండిని రిపేరు సేస్తా ఉండావా, దొరని దాచిపెట్టుకోని ఉండావా? ఐప్పసి దాటిపోతే అక్క గతి యేమి? నాకు కలలో వస్తుండాది బావా. వాకిట్లోనే నిలబడుకోని ఉండాది. లోపలికీ రాదు, పోనూ పోదు."

రేడియేటర్ గొట్టం దగ్గర తడి ఉన్నట్టుంది.

సెప్టెంబరు 6

తడి లేదు. గోపాలసామి కింద పడుకుని అంతా చూశాడు.

"అన్నా, ఇంక సేసేదానికి ఒకటిన్ని లేదు. వండి బాగయిపొయ్యింది."

"ఇంకోసారి చూడు."

చూశాడు. ఒక బోల్టు వదులు చేసి, మళ్ళీ బిగించాడు.

"ఇప్పుడు బాగుండాది," అన్నాడు.

సెప్టెంబరు 12

ముందుగా మాట చెప్పి రావాలని నేనూ గోపాలసామీ మంద దగ్గరికి వెళ్ళాం. తిరుచ్చులి దాటి, జొన్న చేల మధ్య ముళ్ళకంప దొడ్డి. ఎద్దులన్నీ ముక్కుతాడు లేనివి, ఎవరికీ లొంగనివి, మనల్ని పైనుంచి చూస్తాయి. మంద పెద్దాయన కంబళి మీద కూర్చుని అంతా విన్నాడు. టర్బో గురించి కూడా చెప్పాను.

"వండి ముందర, సామి వెనకాలనా?" అన్నాడు.

"లాగడమంటే అంతే కదండీ."

"సామికి వీపు సూపిస్తావా?"

"నేను రోడ్డు చూడాలి కదా."

"రోడ్డు సామి సూస్తాది. సామి ముందర పోవాల, మనము వెనకాల పోవాల. నా దొడ్లోకి అన్నీ ఇట్లనే వచ్చినాయి."

"లారీలో వస్తే తాతా?" గోపాలసామి అడిగాడు.

"ఒగడు తెచ్చినాడు. తిరగ్గొట్టినాను. మళ్ళా నడిపించుకోని వచ్చినాడు." నా వైపు తిరిగాడు. "నువ్వూ నడిపించుకోని రాప్పా. రెండు దినాలు. దోవలో పడుకొనేదానికి సావిళ్ళు ఉండాయి. కష్టమేముండాది?"

నేను గోపాలసామి వంక చూశాను. గోపాలసామి దొడ్డి వంక, ఆకాశం వంక, నా వంక చూశాడు.

"అన్నా," అన్నాడు, "తొయ్యొచ్చు."

పెద్దాయన తొయ్యడానికి అడ్డు లేదన్నాడు. ఐప్పసి తిథి లోపల అయితేనే అన్నాడు.

తిరుగు ప్రయాణంలో ఎందుకో మనసు తేలికగా ఉంది. పని చాలా ఉంది.

సెప్టెంబరు 13

రెండు దారులు. ట్రైలర్‌ను వెనుకే ఉంచి దారంతా రివర్సులో పోవడం. రివర్సు గేరు చాలా బలమైనదని గోపాలసామి అంటాడు. కానీ అప్పుడు నేను మెడ తిప్పుకుని కూర్చోవాలి, ఒళ్ళంతా ఎటు ఉన్నట్టు? వీపు లెక్కకు వస్తుందా? పొన్నుసామిని ఫోనులో అడిగితే వస్తుందన్నాడు.

రెండోది, కొక్కెం బండి ముందు బంపరుకు బిగించడం. ఇదే సబబు.

సెప్టెంబరు 28

రాళ్ళతో తోసి చూశాం. తోసిన ట్రైలర్ తిన్నగా పోదు. కుడికి తిరిగింది, సరిచేయబోతే ఎడమకు మడుచుకుంది, చివరికి నన్నూ బండినీ తీసుకుని పత్తి చేలో దిగింది. చేను ఆసామి తాయమ్మాళ్ గట్టు మీదికి వచ్చింది.

"యేమన్నా ఇది, ముందు పొయ్యేది వెనకొస్తుండాది, వెనక రావాల్సింది ముందు పోతుండాది?"

సామి కోసమన్నాను.

"సామి యాడ?"

"ఇంటి దగ్గర."

ఆమె రాళ్ళ వంక చూసి, గట్టు దిగి వెళ్ళిపోయింది.

అక్టోబరు 12

గోపాలసామి కొత్త ఉపాయం. ఒక కొక్కెం కాదు, రెండు. బండి నుంచి ట్రైలర్‌కు రెండు ఇనుప దూలాలు, మడవకుండా. ట్రైలర్ చక్రాలు తీసి, మిల్లు తోపుడుబండి చక్రాల వంటివి, ఎటు పడితే అటు తిరిగేవి, పెద్దవి చేయించాడు. ఇప్పుడు బండి ఎటు తిరిగితే ట్రైలర్ అటు వస్తుంది. ట్రైలర్ ఇప్పుడు బండి మూతి.

ఒక కొరత. దొర నిలబడితే నాకు రోడ్డు కనబడదు.

అక్టోబరు 17

ఐప్పసి పుట్టింది. వాన.

వానలో తీసుకెళ్ళడం మంచిది కాదు.

అక్టోబరు 19

వాన లేదు.

అక్టోబరు 20

వాన లేదు. మబ్బు ఉంది.

అక్టోబరు 26

పొన్నుసామి రోడ్డు సంగతి తేల్చాడు. క్యాబిన్ పైన తానే కూర్చుంటాడట, బస్సు కండక్టర్ ఈలతో. ఒక ఈల కుడి, రెండు ఎడమ, పొడుగు ఈల ఆగమని. అలా కూర్చుంటే సామి వెనకాలే ఉన్నట్టు, వీపు చూపించినట్టు కాదు. పెద్దాయనను అడిగి వచ్చాడు. ముహూర్తం కూడా అడిగి వచ్చాడు. వచ్చే వారం బుధవారం.

అడిగాను, గోపాలసామికి కుదురుతుందా అని.

"కుదురుతాది," అన్నాడు. "నేను సెప్పేసినాను."

అక్టోబరు 31

ఆసుపత్రిలో ఆమె అన్నది సరిగ్గా గుర్తు చేసుకున్నాను. "నువ్వే తీసకపో," అంది. బండి మాట ఉందో లేదో తెలియడం లేదు. మంచి నీళ్ళు అడిగింది, ఇచ్చాను. తరువాత అంది. "నువ్వే తీసకపో. నేనయితే విడవలేను."

బండి అనలేదు.

నవంబరు 2

దొరను కడిగాను. కొమ్ములకు నూనె రాశాను. మెడ కింద ఆమె గీరే చోటు గీరాను. మెడ చాచాడు. చేయి నొప్పి పుట్టేదాకా గీరాను. ఎంతసేపైనా చాచే ఉంటాడు, ఆయనకు పనేముంది.

ఇంజన్ నూనె చూశాను. నిండుగా ఉంది.

నవంబరు 3

పొద్దున దొర మారు మాట లేకుండా ట్రైలర్ ఎక్కాడు. ఏనాడూ ఎక్కనివాడు, ఇవాళ పలకల మీద రాజులా నడిచి వెళ్ళి నిలబడ్డాడు. మొరాయిస్తాడని తవుడు రెండు బకెట్లు కలిపి ఉంచాను. అక్కర్లేకపోయింది.

గోపాలసామి నా పక్కన. పొన్నుసామి క్యాబిన్ నెత్తిన, తువ్వాలు చుట్టుకుని, ఈల నోట్లో పెట్టుకుని. దొరను ముఖం రోడ్డు వైపు పెట్టి నిలబెట్టాం. కోవిల్‌పట్టి దాటకముందే నా వైపు తిరిగిపోయాడు.

పైనుంచి పొన్నుసామి కేక, "బావా, దొర తిరుక్కొన్యాడు! ఇప్పుడు యెవరికి యెవరు వీపు?"

"రోడ్డుకు ఆయన వీపు," అన్నాను.

"రోడ్డుకు పరవాలేదా?"

"రోడ్డును అడుగు."

అద్దానికి అటు ఆయన, ఇటు నేను. మధ్యలో మూడడుగులు. దారి పొడుగునా నమిలాడు. నన్నే చూశాడు. నేను రోడ్డు చూడనవసరం లేదు, ఈల చూసుకుంటుంది. నాకు వేరే చూడవలసింది లేకపోయింది.

విరుదునగర్ దగ్గర కానిస్టేబుల్ చేయి ఎత్తాడు. మా చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

"ఈ వండికి ముందు ఏది?"

"సామి ఉండేది ముందు సార్," పైనుంచి పొన్నుసామి.

"నువ్వెవరు?"

"వాళ్ళ బామ్మర్దిని సార్."

"బామ్మర్ది పైన యేమిటికి కూర్చున్నాడు?"

"కింద కూర్చుంటే వీపు వస్తాది సార్."

కానిస్టేబుల్ ఇంకేదో అడగబోయి దొర ముఖం చూశాడు. టోపీ తీశాడు. రెండు బస్సులను ఆపి మాకు దారి ఇచ్చాడు.

ఓవర్ బ్రిడ్జి వచ్చింది. రెండో గేర్ వేశాను. ఆగుతుందేమోనని చూశాను. ఆగలేదు. పొగ లేదు. వేడి ముల్లు మధ్యలోనే ఉంది. పైకి ఎక్కుతుంటే దొర నా మీదికి వాలాడు, దిగుతుంటే నాకు దూరమయ్యాడు. టర్బో ఈల సన్నగా, సమంగా వేసింది. గోపాలసామి గర్వంగా నా వైపు చూసి, వెంటనే కిటికీ వైపు తిరిగాడు.

మధ్యాహ్నం కాకముందే చేరాం. పాత బండి అయితే రోజంతా పట్టేది.

పెద్దాయన లేచి వచ్చి మా బండిని ఆ చివర నుంచి ఈ చివరకు చూశాడు.

"వెనకాలనే వచ్చినారు," అన్నాడు. ఒప్పుకున్నట్టు.

ట్రైలర్ పలకలు దించాం. పెద్దాయన దొడ్డి కంప పక్కకు లాగాడు. దొర దిగాడు. కంప దాకా వెళ్ళి ఆగాడు. పెద్దాయన నాతో అన్నాడు, "ఆయమ్మ పేరు సెప్పి విడువప్పా. ఆయమ్మ సేతి దానము. నీది కాదు."

పంచవర్ణం అన్నాను. ఇంట్లో ఆమె పేరు పైకి పలికి చాలా రోజులైంది. గొంతు అరిచినట్టు వచ్చింది.

దొర చెవి ఒకటి ఇటు తిప్పాడు. తరువాత లోపలికి వెళ్ళాడు. ఒక ముసలి ఎద్దు వచ్చి ఆయన మెడ వాసన చూసింది. ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. అంతే. ఇంకేదో ఉంటుందనుకున్నాను.

పొన్నుసామి నేల మీద సాష్టాంగపడి లేవలేదు. "అక్కా, ఇంక పోక్కా," అంటున్నాడు మట్టిలోకి. "ఇంక పో."

దూలాలు విప్పి ట్రైలర్ అక్కడే వదిలేశాం. గడ్డి పోసుకోవడానికి బాగుంటుందని పెద్దాయన తీసుకున్నాడు. పొన్నుసామి తిథి సామాన్ల కోసం ముందుగా తిరుచ్చులికి పోతానని వేరే బండి ఎక్కాడు. దొడ్డి దగ్గర బండి తిప్పడానికి చోటు ఉంది. పెద్దాయన చెయ్యి ఊపి చూపించాడు కూడా. నేను తిప్పలేదు. తారు రోడ్డు దాకా రివర్సులోనే వచ్చాను. గోపాలసామి తల బయట పెట్టి దారి చెప్పాడు. మూపురాలన్నీ ఒకటిగా కలిసిపోయి, ఏది ఏదో తెలియకుండా పోయేదాకా కనబడ్డాయి.

రోడ్డెక్కాక ముందుకు తిప్పాను. ఏమీ లాగకుండా, ఏమీ తొయ్యకుండా ఆ బండి ఎలా ఉంటుందో నేను ఎప్పుడూ చూడలేదు. కాలు ఆనిస్తే చాలు, దూకుతోంది.

కారియాపట్టి రాకముందే, చెట్టూ పుట్టా లేని చోట, బండి పక్కకు తీసి ఆపాను. అద్దానికి అటు ఇప్పుడు ఎవరూ లేరు. ఇంజన్‌లో ఏ లోపమూ లేదు. గోపాలసామి దిగలేదు, బానెట్ ఎత్తలేదు. తాళంచెవి తిప్పి ఇంజన్ ఆపేసి, పక్కనే కూర్చున్నాడు.